రెండో డబ్బా, మూడో డబ్బా

కోనసీమంతా గాలించినా నా అంత గొప్పగా కథ చెప్పేవాడు మీకు దొరకడు. నిన్న కథ సగంలో నిద్రపోయింది నేనే, సరే, అది వేరే సంగతి. అమ్మమ్మకి గొంతు పట్టేసింది కాబట్టి ఇవాళ కూడా మీకు ఈ మావయ్యే గతి. తారక్, కాళ్ళు ముడుచుకో. ఇందుజా, గోడ వైపు తిరిగి పడుకుంటే పడుకున్నావు గానీ, ఊ మాత్రం కొట్టాలమ్మా. శనివారం నుంచీ నాతో పలకడం లేదని తెలుసు. ఊ కొడితే పలికినట్టు కాదులే.

అనగనగా కాకినాడ పట్నంలో, ఒక మేడ మూడో అంతస్తులో, ఒక రాజ్యం. దానికి సత్యమూర్తిగారని రాజు. ఏసీ రిమోటు ఆయన చేతిలో ఉంటుంది, అందుకని ఆయనే రాజు. ఆయన కొలువులో వీరబాహుడని ఒక మహా మేధావి. మేధావని ఎవరన్నారంటే, వాడే అన్నాడు.

ఆ శనివారం వాడి సంచిలో ఒక కిరీటం ఉంది. అట్టది కాదు, నాటకాల సామాన్ల కొట్లోంచి అద్దెకి తెచ్చిన, అద్దాలు కుట్టిన అసలు సిసలు కిరీటం. సాయంత్రం ఆరింటికి అమలాపురంలో ఒక చిన్న రాజుగారు స్టేజీ ఎక్కాలి. ఐదున్నరకల్లా నీ నెత్తిన పెడతానని వాడు మాటిచ్చాడు. అంటే మూడింటి బస్సు దొరకాలి.

ఊ కొడుతున్నారా? తారక్ ఒక్కడేనా? కానివ్వండి.

రాజుగారేమన్నారూ, గోదావరి పడవలకి టిక్కెట్లిచ్చే యాప్ నా చేతిలో పెట్టి అప్పుడు బస్సెక్కవయ్యా అన్నారు. ఎంత పని! ఒక మీట నొక్కితే రాసిన ముక్కలన్నీ కలిసి యాప్ అయి కూర్చుంటాయి. దాన్నే బిల్డ్ అంటారు. నొక్కాడు. ఎర్రక్షరాలు. మళ్ళీ నొక్కాడు. ఇంకా ఎర్రక్షరాలు, తెర మీద మిరపకాయలు ఆరబోసినట్టు.

ఎందుకంటావా తారక్? వంటింట్లో అన్ని పొడులూ అమ్మమ్మే దంచదుగా, కొన్ని డబ్బాలు కొట్లోంచి తెస్తాం. అలాగే ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాములు తెచ్చి వాడుకుంటారు. వాటిని లైబ్రరీలంటారు. ఒక్కో డబ్బా మీదా ఒక నంబరు, పాతదేదో కొత్తదేదో తెలియడానికి. ఈ యాప్‌లో రేవుల పటం చూపించే ముక్క ఒకటి, టిక్కెట్టు రాసే ముక్క ఒకటి. రెండింటికీ ఒకే పొడి కావాలి. కానీ పటానికి రెండో నంబరు డబ్బానే కావాలిట, టిక్కెట్టుకి మూడోదే కావాలిట. అలమారలో చోటేమో ఒక్క డబ్బాకే!

రెండోది పెడితే టిక్కెట్టు ఏడుస్తుంది, మూడోది పెడితే పటం ఏడుస్తుంది. టిక్కెట్టు ఏడిస్తే పడవ కదలదు, పటం ఏడిస్తే రేవు దొరకదు, రేవు దొరక్కపోతే రాజు వదలడు, రాజు వదలకపోతే బస్సు దొరకదు, బస్సు దొరక్కపోతే కిరీటం కదలదు!

వీరబాహుడు పెట్టాడు, తీశాడు, తీసి మళ్ళీ పెట్టాడు. అన్నీ చెరిపేసి మొదట్నుంచీ దించాడు. కంప్యూటర్ని ఆపి, తిట్టి, మళ్ళీ వేశాడు. నెట్‌లో ఎవడో ఇదే తంటా పడి, ఆరేళ్ళ కిందట ‘నాకు కుదిరిపోయింది’ అని రాశాడు. ఎలా కుదిరిందో మాత్రం రాయలేదు. వాణ్ణీ తిట్టాడు. మూడింటి బస్సు వెళ్ళిపోయింది. జిప్పులోంచి కిరీటం మొన బయటికొచ్చి వాడి వంకే చూస్తోంది.

ఆ వారమే హైమ అని ఒకమ్మాయి కొలువులో చేరింది. కొత్త కోడలు అత్తారింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి చూసినట్టు చూసి, "వీరబాహుగారూ, పటం ముక్కలో కొత్తది వచ్చిందండీ. అది మూడో డబ్బాతో సర్దుకుంటుంది. పటాన్నే మారుద్దామా?" అంది. మార్చారు. నొక్కారు. ఎర్రక్షరాలే! మూడో డబ్బా అడుగుతుంటే రెండోదే వచ్చి కూర్చుంటోంది. దెయ్యం ఎప్పుడొస్తుందన్నావుగా తారక్, ఇదిగో వచ్చింది.

హైమ మూలమూలలా వెతికింది. అడుగున ఎక్కడో ఒక ఫైల్లో చీటీ అంటించినట్టు ఒక్క వరస: ‘రెండో డబ్బానే వాడాలి. ఎవరూ ముట్టుకోవద్దు. తాత్కాలికం.’

ఏ మహానుభావుడు రాశాడండీ ఇది, అని వీరబాహుడు ఆఫీసంతా వినేలా కేకలేశాడు. వాడికి కంప్యూటరిచ్చినవాణ్ణి అనాలన్నాడు. వాడిచేత రోట్లో పప్పు రుబ్బించాలన్నాడు. ఏ వరస ఎవరు రాశారో చెప్పే మీట ఒకటుంటుంది, హైమ అది నొక్కి తెర వాడి వైపు తిప్పింది. పేరూ, తేదీ.

వాడు కూర్చున్నాడు.

వరస తీసేశారు. పచ్చక్షరాలు! రాజుగారు సంతోషం పట్టలేక ఏసీ రెండు డిగ్రీలు తగ్గించారు. వీరబాహుడు నాలుగింటి బస్సెక్కాడు. చిన్న రాజుగారు మొదటి రంగమంతా తువ్వాలు తలపాగాతోనే రాజ్యమేలారు, రెండో రంగంలో కిరీటం పెట్టుకున్నారు. చప్పట్లు మాత్రం తువ్వాలుకే ఎక్కువ పడ్డాయి. అందుకని పిల్లలూ, తాత్కాలికం అని రాసేవాడు, ఎప్పుడు తీసేస్తాడో కూడా రాసి ఏడవాలి. కథ కంచి బస్సెక్కేసింది, మీరు దుప్పట్లో దూరండి.

ఏంటి ఇందూ? తెర మీద ఎవరి పేరుందనా? అమ్మ దొంగా, ఊ కొట్టకుండానే అంతా విన్నావన్నమాట!

సరే. శనివారం నీ కిరీటం ఆలస్యమైతే, బస్సు టైరు పేలిందని చెప్పానా? పేలలేదమ్మా. టైరు బాగుంది, డ్రైవరు బాగున్నాడు. ఆ వీరబాహుణ్ణి నేనే. ఆ వరస రాసిందీ నేనే.

ఏమన్నావు? ఊ అన్నావా? తారక్, విన్నావా, అక్క ఊ అంది! అయితే మిగతాది కూడా చెప్పేస్తాను, అమ్మమ్మకి చెప్పకండి. ఆ వరస రాసిన రోజు మధ్యాహ్నం పప్పన్నం తిన్నాక కళ్ళు మూతలు పడుతుంటే, పెందలాడే ఇంటికి పోయి పడుకుందామని రాశాను.