తెర లేని పెట్టె

జిలానీ చేతిలోని పెట్టె ఈసారీ పలకలేదు.

అది అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. లోపల సెల్‌ఫోన్లలో ఉండేలాంటి ఏఆర్‌ఎం చిప్, గోరంత మెమరీ కార్డు, పక్కన బుల్లి స్పీకరు. తెర లేదు, మీటలు లేవు. కార్డులోకి పెట్టెను నడిపే లైనక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దాంతోపాటు ఒక పాట పెడితే, కరెంటు తీగ గుచ్చగానే పెట్టె తనంతట తానే పాడాలి.

ఆ పాట కోసం దర్గా వరండాలో ఖైరున్నీసా మూట పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆమె భర్త ఈ గుట్ట మీద ఖవ్వాలీలు పాడేవాడు. ఆయన పోయాక మిగిలింది ఒక్క క్యాసెట్టు. జిలానీ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించిన మర్నాడే టేపు తెగిపోయింది. ఆమెకు చూపు లేదు. ఫోను అద్దం ఆమె వేళ్ళకు అంతుపట్టదు. మధ్యాహ్నం బస్సుకు కూతురి ఊరు వెళ్ళిపోతోంది. మళ్ళీ ఈ గుట్ట ఎక్కుతుందో లేదో.

చుట్టూ మంచు. కింద ఊరు లేదు, ఏరు లేదు. తెల్లటి మబ్బులో దర్గా ఒక్కటే తేలుతున్నట్టుంది. మంచు ఎక్కడ ఆగిందో, సాంబ్రాణి పొగ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

"వచ్చాడా?" అంది ఖైరున్నీసా, పెట్టె వైపు చెవి పెట్టి.

"ఇంకా లేదు దాదీ. ఈపాటికి రావాలి. కార్డు ఎంత పెద్దదో, దాని వేగం ఎంతో భాగించి చూశాను. లెక్క ప్రకారం ఎప్పుడో అయిపోవాలి."

"ఆయన ఏనాడు లెక్క ప్రకారం వచ్చాడు గనక!"

కొత్తగా ఎక్కిన లైనక్స్ మొదటిసారి మేలుకున్నప్పుడు కార్డంతా పరుచుకుని తనకు చోటు చేసుకుంటుంది. పెద్ద కంప్యూటర్ అయితే పని ఎక్కడిదాకా వచ్చిందో తెర మీద చూపిస్తుంది. దీనికున్నది ఒక పచ్చ దీపం. ఇష్టమొచ్చినప్పుడు మినుకుమంటుంది, ఇష్టమొచ్చినప్పుడు ఆరిపోతుంది. ఆరినప్పుడల్లా ఎక్కడో ఇరుక్కుపోయిందనుకుని జిలానీ తీగ పీకేస్తున్నాడు. పని మధ్యలో తీగ పీకితే కార్డు పాడైపోతుంది. తుడిచి మళ్ళీ ఎక్కించాలి. పొద్దున్నుంచీ ఇదే వరస.

"పీరా సాహెబుతో ఊదించరాదురా," అంది ఖైరున్నీసా. "ఆయన దువా చదివి ఊదితే పసిపిల్లల జ్వరాలే దిగుతాయి."

జిలానీకి నవ్వొచ్చింది. అయినా పెట్టె పట్టుకుని దర్గా గురువైన ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"బాబా, దీని మీద ఊదండి. తొందరగా. బస్సు టైమవుతోంది."

పీరా సాహెబు పెట్టె అందుకుని లేచాడు. హౌజు నీళ్ళతొట్టి దగ్గరికి వెళ్ళి నమాజుకు ముందులాగే చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కున్నాడు. వచ్చి చాప మీద కూర్చుని పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూశాడు.

పెదవులు కదిలాయి. కాసేపటికి ఆగిపోయాయి. నిద్రపోయాడేమో అనిపించింది జిలానీకి. మోకాలు తట్టాడు.

"బాబా, అయిందా?"

పీరా సాహెబు కళ్ళు తెరిచాడు. లేచి హౌజు దగ్గరికి నడిచాడు. మళ్ళీ చేతులు, ముఖం, కాళ్ళు. మళ్ళీ చాప. మళ్ళీ కళ్ళు మూశాడు.

పెదవులు మళ్ళీ ఆగిపోయాయి. ఈసారి జిలానీ ఇంకాస్త ఓపిక పట్టాడు. తర్వాత భుజం పట్టుకుని కుదిపాడు.

"బాబా!"

పీరా సాహెబు లేచాడు. మంచులో హౌజు కనబడటం లేదు. నీళ్ళ చప్పుడు మాత్రం వినిపించింది. తిరిగి వచ్చేసరికి గడ్డం నుంచి చుక్కలు రాలుతున్నాయి.

"మీరు ప్రతిసారీ మొదటికి వెళ్తే ఎలా బాబా? ఎంతదాకా వచ్చిందో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చాలా దూరం వెళ్ళాను బేటా," అన్నాడు పీరా సాహెబు. "నువ్వు పిలిచేదాకా."

జిలానీ చాప వైపు చూశాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. పెట్టె ఇమ్మని చెయ్యి చాపాడు.

వరండాలోకి వచ్చి కంప్యూటర్లో కార్డు తుడిచాడు, మళ్ళీ ఎక్కించాడు, తీగ గుచ్చాడు. ఖైరున్నీసా పక్కన కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

దీపం మినుకుమంది. ఆరింది. అతను కదల్లేదు. మంచు వరండాలోకి వచ్చి మూట మీద, ఆమె పాదాల మీద వాలింది. కింద ఎక్కడో బస్సు హారన్ మోగింది. ఆమె లేవలేదు. మళ్ళీ మోగింది. దీపం ఆరే ఉంది. జిలానీ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

స్పీకరులో సన్నగా, పాత టేపు గరగర. ఆ తర్వాత అదీ లేదు.

జిలానీ చెయ్యి తనకు తెలియకుండానే తీగ వైపు వెళ్ళింది. ఖైరున్నీసా చెయ్యి తడుముతూ వచ్చి అతని మణికట్టు మీద ఆగింది.

"ఉండరా," అంది. "ఊపిరి తీసుకుంటున్నాడు."