బుట్టల ఓబయ్య పాటలు

కంబగిరిస్వామి శిష్యుడు చిదానందానికి లోకంలో ఎవరికీ రానంత కష్టం వచ్చిపడింది. పాత దివాను పదవి ఊడింది. కొత్త దివాను దండోరా వేయించాడు: "పాత దివాను మీద పాటలు కట్టిన బుట్టల ఓబయ్య ఎవరో గాని సభకు రావాలి, శాలువా కప్పుతాం." ఆ పాటలు కట్టింది చిదానందం.

ఏం పాటలవి! తెల్లారేసరికి కోటగోడకు అంటుకుని ఉండేవి. నవ్వి నవ్వి సగం ఊరికి పక్కటెముకలు కదిలిపోయాయి. దివానును చూస్తే ఆయన గుర్రం కూడా సకిలించడం మానేసి ఇకిలించేది.

"స్వామీ, ఇక బయటపడనా?" అన్నాడు చిదానందం.

"ఆ పేరెక్కడిదిరా నీకు?"

"మన మఠానికి బుట్టలు అల్లి తెచ్చేవాడే, ఆ ఓబయ్యది. అక్షరమ్ముక్క రానివాణ్ణి ఎవరు అనుమానిస్తారని పెట్టుకున్నాను."

"వాణ్ణి పట్టుకుపోయారుగా."

"చదువు రాదని తెలిశాక మర్నాడే వదిలేసి ఉంటారు స్వామీ."

స్వామి పసుపు కలిపిన నూనెగిన్నె అతని చేతికిచ్చి, వెనక వసారాలోకి తీసుకెళ్ళాడు. అక్కడ చాపమీద ఓబయ్య బోర్లా పడుకుని ఉన్నాడు. మూడేళ్ళ తర్వాత నిన్ననే చెర నుంచి వదిలారు. ఆ వీపు గురించి మాత్రం నేను పెంచి చెప్పను.

"ఎవురు సామీ?"

"మన చిదానందంరా. నూనె రాస్తాడు."

"అయ్యో, సదువుకున్న చేతులు!"

చిదానందం రాయడం మొదలుపెట్టాడు. కాసేపటికి, "నీకు చదువు రాదని చెప్పలేదా?" అని గొణిగాడు.

"చెప్పకేం? అట్లయితే ఎవురితో రాయించినావురా అని ఇంకో నాలుగు ఎక్కువేసినారు." ఓబయ్య నవ్వబోయి ఆగాడు. వీపు కదిలింది మరి. "ఆ పాటలు మీకొస్తే ఒకటి ఇనిపించండి సామీ. నేనేం రాసినానో నాకూ తెలవాల గదా."

చిదానందం నూనెగిన్నె పక్కన పెట్టాడు. అన్నిటికన్నా గొప్పదని పేరుపడ్డ పాటే పాడాడు. దివాను బొజ్జ మీదా, తలపాగా మీదా పన్నెండు చరణాలు. ఓబయ్య ఊపిరి బిగబట్టి విన్నాడు. అయిపోయాక, ఇంకా ఉందేమోనని కాసేపు ఎదురుచూశాడు కూడా.

"ఇంతేనా సామీ?" అన్నాడు.

కోటలో నగారా మోగింది.

స్వామి గడప దగ్గరే నిలబడి ఉన్నాడు.

"వెళ్ళు నాయనా," అన్నాడు. "సభకు వేళవుతోంది."