పళ్లెంలో నీళ్లు తీసేసిన రోజు

ఏ పటంలో వెతికినా దొరకదు గానీ, కుందనగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ఉద్దండ భూపతికి పేరుకు తగ్గ శరీరం. ఆయన కోసం సింహాసనాన్ని రెండుసార్లు వెడల్పు చేయించారు. పల్లకీకి ఎనిమిది మంది బోయీలు చాలక పన్నెండు మందిని పెట్టారు. అద్దాల మహల్లో అద్దాలన్నిటికీ తెరలు కట్టించారు. ప్రభువు లావుగా ఉన్నారని ఎవరూ అనకూడదు. "నిండుగా ఉన్నారు" అనాలి.

నలుగురిలో ఎంత బింకంగా ఉన్నా, భూపతికి లోలోపల సిగ్గే. భోజనానికి కూర్చుంటే పిడికెడు అన్నం, గరిటెడు పప్పు తిని లేచిపోయేవాడు. అయినా నడుంపట్టీ నెలనెలా బిగుసుకునేది.

"నేనేం తింటున్నానయ్యా! నీళ్లు తాగినా ఒళ్లొచ్చేస్తోంది!" అని సభలో వాపోయేవాడు.

సభ అంతా "అయ్యో" అనేది. సింహాసనం వెనక వెండి చెంబుతో నిలబడే నాంచారమ్మ మాత్రం తల దించుకునేది.

నాంచారమ్మ ప్రభువును పెంచిన దాది. ఇప్పుడు కోటలో నీళ్లగదికి పెద్ద. అరవై దాటినా ఆమె నోటికి ఎదురు లేదు. ఒకసారి పొరుగు రాయబారి వచ్చి, "మా రాజుగారి మీసం మీద నిమ్మకాయ నిలబడుతుంది, తెలుసా?" అని గొప్పలు పోతే, "నిలబెట్టుకోండి బాబూ. మేమైతే పులిహోరలో పిండుకుంటాం" అంది. రాయబారి ఆ పూట భోజనానికి కూడా ఆగలేదు.

అంతటి నోరూ ఈ నీళ్ల మాట దగ్గర మూతపడేది. కారణం ఉంది.

భూపతికి మూడేళ్లప్పుడు తల్లి పోయింది. మంచి ఎండాకాలం. పిల్లవాడు రెండు రోజులు ఏకధాటిగా ఏడ్చాడు. పాలు ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు. పెదాలు పగిలిపోతుంటే చూడలేక నాంచారమ్మ చెంబెడు నీళ్లలో చిన్న బెల్లంముక్క కలిపి పట్టింది. గటగటా తాగి నిద్రపోయాడు. మర్నాడు లేచి, "నిన్నటి నీళ్లే కావాలి" అన్నాడు.

రేపు మానిపిద్దాంలే అనుకుందామె. ఆ రేపు నలభై ఏళ్లయినా రాలేదు. పిల్లవాడితో పాటు బెల్లంముక్కా పెరిగింది. పట్టాభిషేకమయ్యాక ఏలకులు పడ్డాయి, ఆపైన తేనె పడింది. రాజుగారి చెంబు ఇంకొకరు ముట్టకూడదన్నది కోట నియమం. విషం కలిసిందేమో అని రుచి చూసే పని కూడా నాంచారమ్మదే. వేటకు వెళ్లినా, యుద్ధానికి వెళ్లినా ఆ చెంబుతో ఆమె వెంట ఉండేది. సంధ్య వార్చేటప్పుడు ఉద్ధరిణెడు నీళ్లు నోట్లోకి పోతే, తీర్థం గనక చప్పగా ఉందనుకునేవాడు భూపతి.

అలా ఆయన రోజుకు పాతిక చెంబులు తాగేవాడు. తీపికి దాహం, దాహానికి మళ్లీ తీపి. చీమలు పట్టకుండా ఆ చెంబును నాంచారమ్మ ఎప్పుడూ నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టేది. ఆ పళ్లెం వంక ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఇలా ఉండగా విశ్వంభర పండితుడనే వైద్యుడు ఏడు బండ్ల తాళపత్రాలతో కుందనగిరికి వచ్చాడు. ప్రభువు చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఊగాడు.

"ఏం తింటారు ప్రభూ?"

"పిడికెడు."

"ఏం తాగుతారు?"

"నీళ్లే. ఓ పాతిక చెంబులు."

పండితుడు తొడ చరిచాడు. "దొరికింది దొంగ! కొవ్వంటే మరేమీ కాదు ప్రభూ, పేరుకున్న నీరే. రోజుకు మూడు చెంబులు దాటకండి. తగ్గకపోతే నా పత్రాలన్నీ పొయ్యిలో పెట్టించండి."

భూపతి నోరు కట్టుకున్నాడు. నెల తిరిగేసరికి నడుంపట్టీ రెండు వేళ్లు వదులైంది. కోటంతా పండగ చేశారు. ప్రభువు తగ్గించింది నీళ్లు కాదు, ఇరవై రెండు చెంబుల బెల్లమని తెలిసినది ఒక్క నాంచారమ్మే. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచింది. నలభై ఏళ్ల అబద్ధం గొంతుకు అడ్డం పడింది. ప్రభువు బాగుపడుతున్నాడు కదా, ఇప్పుడెందుకులే అని సరిపెట్టుకుంది.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ తనకు దక్కిన మేలు ప్రజలకూ దక్కాలని భూపతికి బుద్ధి పుట్టింది. నడివేసవిలో దండోరా వేయించాడు. మనిషికి రోజుకు మూడు చెంబుల నీళ్లే. నీళ్లు దండగ చేయరాదు. బాట పక్కన పందిళ్లు వేసి దాహానికి కుండనీళ్లు పోసే చలివేంద్రాలన్నీ మూసేయాలి. నీళ్లు పోసి జనాన్ని లావు చేసేవారికి శిక్షగా మూడు రోజులు చుక్క నీరు దక్కదు.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం పల్లకీ రాజవీధిలో పోతూ పోతూ ఒక పక్కకు ఒరిగింది. ముందు కొమ్ము మోసే గంగులు అనే బోయీ కూలబడిపోయాడు. ఎదురుగా మూసేసిన చలివేంద్రం. పందిరి కింద ఖాళీ కుండలు బోర్లించి ఉన్నాయి. గంగులు నాలుక పిడచకట్టింది. కళ్లు మాత్రం పల్లకీ పక్కన నిలబడ్డ నాంచారమ్మ చేతిలోని వెండి చెంబును చూస్తున్నాయి.

చెంబు నిండుగా ఉంది. ఇస్తే రాజుగారి చెంబు ముట్టనిచ్చినట్టు. పైగా ఒక్క గుక్కతో అందులో ఉన్నదేమిటో వీధిలో తెలిసిపోతుంది. నాంచారమ్మ చెంబును కొంగు చాటుకు లాక్కుంది.

"ఎందుకాగారు?" అని లోపల్నుంచి ప్రభువు కేకేశాడు.

"రాయి తగిలింది ప్రభూ" అందామె.

ఇంతలో ఎదురింటి ఇల్లాలు తడిపిన పైట కొంగుతో పరుగున వచ్చి గంగులు నోట్లో పిండింది. శిక్ష మాటే తలుచుకోలేదు. గంగులు లేచి, మళ్లీ కొమ్ము భుజానికెత్తుకున్నాడు. నాంచారమ్మ అంత సిగ్గు పుట్టి ఎరగదు. తన మనవరాలి వయసున్న పిల్ల చేసిన పని, నిండు చెంబు చేతిలో ఉండి తను చేయలేకపోయింది.

మూడో రోజున సభలో విశ్వంభర పండితుడికి సన్మానం. 'జలశత్రు' అనే బిరుదు, దానితో బంగారు కడియం. పండితుడు నీటి దోషాల మీద రెండు గడియలు ఉపన్యసించాడు. మధ్యలో గొంతెండి మూడుసార్లు నీళ్లు పుచ్చుకున్నాడు గానీ దాన్నెవరూ పట్టించుకోలేదు.

అంతలో "అబ్బా!" అని ప్రభువు చెయ్యి విదిలించాడు.

స్తంభం మూల నుంచి బయల్దేరిన ఎర్రచీమల బారు సింహాసనం పక్కనున్న పీట ఎక్కి, వెండి చెంబెక్కి, అక్కణ్నుంచి ప్రభువు చేతిమీదికి వచ్చింది.

"నాంచారమ్మా! ఏమిటీ చీమలు?"

"నీళ్లకొచ్చాయి ప్రభూ."

"ఇన్నేళ్లూ రాలేదే?"

"ఇన్నేళ్లూ చెంబు కింద పళ్లెంలో నీళ్లు పోసేదాన్ని. నీళ్లు దండగ చేయొద్దని ఏలినవారి ఆజ్ఞ కదా! ఈ పొద్దున తీసేశాను."

పండితుడు నవ్వాడు. "ఇందులో వింతేముంది? రాజుగారి జలం పవిత్రం. చీమలైనా దర్శనానికి వస్తాయి."

"అలాగా పండితులవారూ! ఆ పక్కన నేను తెచ్చి పెట్టిన మట్టి ముంతలోనూ నీళ్లే ఉన్నాయి, బోయీ గంగులువి. చీమలు దాన్ని రాసుకుంటూ పోతున్నాయి గానీ, తొంగి చూడటం లేదే?"

"బోయీ నీళ్లకూ రాజు నీళ్లకూ తేడా ఉండదా?"

"ఉందంటారా?"

"ఉండి తీరుతుంది!"

"ఏం తేడా అండీ? ఇన్నాళ్లు వైద్యం చేశారు కదా, ఈ చెంబులోవి ఒక్కనాడైనా రుచి చూశారా?"

"రాజుగారి చెంబు ముట్టడం అపచారం!"

"అంటే వద్దన్నారు గానీ, వద్దన్నదేమిటో తమరికి తెలియదన్నమాట."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. పండితుడి ముఖం కందగడ్డయింది. ప్రభువుకు ఒళ్లు మండింది. "ఏమిటీ గోల! తేడా నేనే తేలుస్తాను" అంటూ, పండితుడు వద్దు వద్దంటున్నా మట్టి ముంత ఎత్తి గుక్కెడు తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. రెండు చేతులా ముంతను కళ్లకద్దుకున్నాడు.

"ఏ గుడి తీర్థమిది?" అని అడిగాడు.

"గుడిది కాదు ప్రభూ" అంది నాంచారమ్మ. "బోయీల వాడలో బావిది. లోకంలో అందరూ నీళ్లనేది దీన్నే. తమరు తాగేది పానకం. నలభై ఏళ్లుగా నేనే కలుపుతున్నాను."

భూపతి చెంబు వంక చూశాడు, ముంత వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. నీళ్లు తాగినా ఒళ్లొస్తోందని ఇదే సభలో ఎన్నిసార్లు అన్నాడో అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"నేనలా అన్నప్పుడల్లా నువ్వేం చేసేదానివి?"

"తల దించుకునేదాన్ని ప్రభూ. ఇంకొకటి కూడా ఉంది. మొన్న పల్లకీకి తగిలింది రాయి కాదు. దాహంతో గంగులు పడిపోయాడు. నా చేతిలో చెంబు నిండుగా ఉంది. నా గుట్టు బయటపడుతుందని దాచుకున్నాను." ఆమె పీట పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "నీళ్లు పోసి జనాన్ని లావు చేసేవారికి మూడు రోజులు చుక్క నీరు దక్కదని దండోరా వేశారు. రాజ్యంలో ఆ నేరం చేసింది నేనొక్కదాన్నే. చలివేంద్రాల వాళ్లు ఇన్నేళ్లలో ఒక్కణ్ని కూడా లావు చేయలేదు. కావాలంటే బోయీలను నిలబెట్టి చూసుకోండి. నన్ను శిక్షించి వాళ్లను వదిలేయండి."

ప్రభువు వాకిట్లో నిలబడ్డ బోయీల వంక చూశాడు. పన్నెండు మందికీ పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి. తన బరువు మోసేది వీళ్లేనని ఆయన ఎప్పుడూ తలుచుకోలేదు. కళ్లు వాలిపోయాయి.

చిన్నగా అన్నాడు: "ప్రతి శ్రీరామనవమికీ పందిట్లో పానకం పానకం అని ఊరించి, నాకొక్కడికే ఉత్త నీళ్లు పోస్తున్నారేమిటా అనుకునేవాణ్ని!"

గంగులే ముందు నవ్వాడు, ఆపుకోలేక. ఆ వెనక సభంతా భళ్లున నవ్వింది. నవ్వొద్దని చెయ్యెత్తిన ప్రభువుకూ నవ్వు ముంచుకొచ్చి, పొట్ట ఊగిపోయేలా నవ్వాడు. నలుగురి ముందూ ఆ పొట్ట ఊగినందుకు ఆయన సిగ్గుపడకపోవడం అదే మొదలు.

కళ్లు తుడుచుకుని పండితుడి వైపు తిరిగాడు. "మేం మాట తప్పం. జలశత్రు బిరుదు తమరిదే. బిరుదు ఉన్నన్నాళ్లూ శత్రువును ముట్టకూడదు మరి."

పొద్దు నడినెత్తికి రాకముందే పండితుడు బిరుదూ కడియమూ వద్దని మనవి చేసుకుని, చెంబెడు నీళ్లు తాగి, ఏడు బండ్లూ కట్టించుకున్నాడు.

దండోరా ఆ క్షణమే రద్దయింది. "శిక్ష సంగతి తర్వాత, ముందు ఇది తీసుకో" అని ప్రభువు కడియం నాంచారమ్మకు ఇవ్వబోయాడు. ఆమె చేయి చాపలేదు.

"అది గంగులుకివ్వండి. నాకు రాజవీధి చలివేంద్రంలో నీళ్లు పోసే పనిప్పించండి."

"మరి నా నీళ్లో?"

"దాహమైతే అక్కడికే రండి ప్రభూ. అందరికీ అదే కుండ."

మర్నాటి నుంచి భూపతి పొద్దున్నా సాయంత్రం నడిచి వచ్చేవాడు. మొదట్లో ముఖం చిట్లించేవాడు, తలనొప్పని గొణిగేవాడు. నెలకు అలవాటయింది. అన్నానికి ముందు నిండుగా నీళ్లు తాగితే తీపి మీదికి మనసు పోయేది కాదు. కార్తీకానికి పల్లకీకి మళ్లీ ఎనిమిది మంది చాలారు. నీళ్లు కొవ్వు కరిగించాయని ఊళ్లో గొప్పగా చెప్పుకుంటే నాంచారమ్మ ఒప్పుకునేది కాదు. "నీళ్లు ఏమీ కరిగించలేదు. నేను పోసింది పోయడం మానేశాను, అంతే" అనేది.

ఒకరోజు భూపతి దోసిలి పట్టి తాగుతూ తాగుతూ ఆగాడు.

"దాదీ, ఆ రోజు నువ్వు బెల్లం వేయకపోతే ఏం చేసేవాణ్ని?"

నాంచారమ్మ కుండలోకే చూస్తూ అంది: "ఇంకాసేపు ఏడ్చేవాడివి బాబూ."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత... దాహమేసి, నీళ్లు తాగేవాడివి."

ఇంత చిన్న సంగతి నలభై ఏళ్లు తట్టలేదే అని ఆమెకు మళ్లీ ముఖం చెల్లలేదు. భూపతి మాత్రం వీధి వీధంతా వినబడేలా నవ్వాడు. చేతుల్లోని నీళ్లన్నీ ఒలికిపోయాయి. భుజం మీది శాలువా తీసి ఆమెకు కప్పి, మళ్లీ దోసిలి పట్టాడు.

"ఇంకొంచెం పొయ్యి" అన్నాడు.