పొగమంచులో పిలిచిన గొంతు

ఎర్రకొండ కింద అడవిదున్నల మంద ఒకటి ఉండేది. రేచుకుక్కలు చొరబడకుండా మగదున్నలు వంతులవారీగా కనుమ దగ్గర కాపలాకు పోయేవి. పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా వాళ్ల ఊసెత్తకూడదని మంద కట్టుబాటు. ఎత్తితే కీడట.

గంగులు కాపలాకు పోయి నాలుగు నెలలైంది. అతని దూడ చుక్కి నాన్న గురించి ఎప్పుడడిగినా పెద్దలది ఒకటే మాట. "వీరుడి బిడ్డవే నువ్వు, ఏడవకూడదు." అనేసి మేతకు పోయేవాళ్లు. ముసలి పోచవ్వా అంతే.

ఓ రోజు పొద్దు పొడిచే వేళ, దట్టమైన పొగమంచులో చుక్కి ఒంటరిగా వాగు వైపు పోవడం పోచవ్వ చూసింది.

"ఎక్కడికే?"

"నాన్న పిలుస్తున్నాడవ్వా. మూడు రోజుల్నించి."

పోచవ్వ చెవులు రిక్కించింది. మంచులోంచి అచ్చం గంగులు గొంతే.

"చుక్కీ... వచ్చానే. ఒక్కదానివే రా తల్లీ."

అదే జీర, అదే ముద్దు. అయినా పోచవ్వకు అనుమానం తగిలింది. గంగులు వస్తే మందలోకి రాడా? వాగు అవతల నక్కి పిలుస్తాడా? ఎముకలు కొరికే ఆ మాయదారి మృగం, దుమ్ములగొండి, ఎవరి గొంతునైనా అనుకరించగలదు.

"అది నాన్న కాదే. పోవద్దు."

"మీరెవరూ నాన్న మాటే ఎత్తరు. నాకు నాన్న వినిపించేది ఆ గొంతులోనే."

తప్పు పెద్దలదేనని పోచవ్వకు తెలిసింది. అప్పుడే కట్టుబాటు తెంచింది.

"చిన్నప్పుడు మీ నాన్న బురదలో దిగబడితే నేనే లాగాను. సిగ్గేసి, బయటికి రాగానే నన్నే కుమ్మాడు."

చుక్కి ఆగిపోయింది. "నిజంగా?"

"ఇంకా బోలెడున్నాయి. నా పక్కనే నిలబడు."

పోచవ్వ ముక్కుతో మెల్లగా బుసకొట్టింది. నలుగురు పెద్దలు మంచులో చప్పుడు చేయకుండా చుట్టూ చేరారు. అప్పుడామె గొంతెత్తింది.

"పిల్ల కాలు బెణికిందయ్యా, నడవలేదు. నువ్వే వచ్చి తీసుకుపో."

"వస్తున్నా... వస్తున్నా..."

గొంతు దగ్గరైంది. చుక్కి పోచవ్వకు ఆనుకుంది. "అవ్వా, గిట్టల చప్పుడేదీ?"

మంచు చీల్చుకుని పళ్లు కనబడ్డాయి. మరుక్షణం ఐదు జతల కొమ్ములు చుట్టుముట్టాయి. దుమ్ములగొండి ఇంకా గంగులు గొంతుతోనే వేడుకుంది.

"వదలవ్వా! నేను గంగులునే!"

"గంగులుకు నేను పిన్నినిరా. అవ్వను కాను."

కుమ్మిన కుమ్ముడికి అది కుంటుతూ పారిపోయింది. ఆ గొంతు మళ్లీ వినబడలేదు.

"నాన్న ఎప్పుడొస్తాడవ్వా?" అంది చుక్కి.

"తెలియదే. వచ్చేదాకా రోజూ నీ దగ్గర కూర్చుని వాడి కబుర్లు చెబుతాం."

కాపలాకు పోయినవాణ్ణి పొగిడితే చాలదు, వాడి బిడ్డ పక్కన కూర్చోవడం పెద్దల పని.