చిత్రిక మిషనుకి చక్రాల పీట

పోతులూరయ్యగారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరికేది కాదు, పని దొరికేది. రామచంద్రపురంలో ఆయన దగ్గర వడ్రంగం నేర్చినవాళ్లందరూ ఎరిగిన సంగతే ఇది. దేవుడున్నాడా అని అడిగిన ఒక శిష్యుడి చేత ఆయన సింహద్వారానికి నగిషీ చెక్కించారట. అది పూర్తయ్యేసరికి వాడికి మీసాలు నెరిశాయి, ప్రశ్న మరుపున పడింది, ఆ ద్వారం మాత్రం ఇవాళ్టికీ చూసినవాళ్లు దణ్ణం పెట్టి మరీ దాటుతారు. అందుచేత ఆయన దగ్గర పనిచేసే భద్రం తన ప్రశ్నని చాలాకాలం గొంతులోనే దాచుకుని, కరెంటు పోయి మిషన్లన్నీ నోరు మూసుకున్న ఒక మధ్యాహ్నం పూట ఇక ఆగలేక అడిగేశాడు.

"గురువుగారూ, ఒక మనిషిని నమ్మొచ్చో లేదో ఎలా తెలుస్తుందండీ?"

ఆయన ఒళ్లో పడ్డ పొట్టు దులుపుకుని, గోడవారనున్న, చెక్కని నునుపు చేసే చిత్రిక మిషను వైపు చూశారు. "దానికో చక్రాల పీట చెయ్యరా," అన్నారు.

ఆ మిషను సంగతి కాస్త చెప్పాలి. ఏడు ఏనుగుల బరువు, ఎనిమిదోది దాని మీదెక్కి కూర్చున్నంత. దాన్ని లారీలోంచి దింపిననాడు ఊళ్లో బావుల్లో నీళ్లు గట్టు మీదకి ఒలికాయని చెప్పుకుంటారు. పునాది బోల్టులతో బిగించిన పూట నుంచి అది వెంట్రుకవాసి కదిలింది లేదు. షెడ్డుకి సున్నం వేస్తే దాని వెనక గోడ వదిలేసి వేసేవారు. ఊడిస్తే దాని చుట్టూ ఊడ్చేవారు. కొండ కింద ఏముందో ఎవరూ అడగరు కదా, ఆ మిషను కింద ఏముందన్న ఆలోచన కూడా ఆ షెడ్డులో ఎవరికీ ఏనాడూ రాలేదు.

మిషను మీద చెయ్యి వేసేముందు ఉంగరమో, కడియమో, ఏదుంటే అది తీసి పక్కన పెట్టాలన్నది అక్కడి నియమం. బ్లేడుకి బంగారం ఏదో వేలు ఏదో తెలియదనేవారు గురువుగారు. భద్రానికి పెళ్లిలో మామగారు పెట్టిన ఉంగరం ఒకటుంది. చెయ్యి ఊపితే ద్రాక్షారామం దాకా మెరుపు కొడుతుందని వాడే చెప్పుకునేవాడు. రోజూ దాన్ని మిషను బల్ల కొసన పెట్టుకుని చిత్రిక పట్టేవాడు. ఒకనాడు పని ముగించి చూసేసరికి అది లేదు. ఆ పూట షెడ్డులో ఉన్నది వాడూ, లోవరాజూ ఇద్దరే.

లోవరాజు పాలిష్ పట్టేవాడు. భద్రానికి ప్రాణంలో ప్రాణం. ఇద్దరి క్యారియర్లూ పక్కపక్క మేకులకే వేలాడేవి. ఎవరు వండిన కూర ఎవరి కడుపులోకి పోయిందో వాళ్ల పెళ్లాలకి ఏనాడూ అంతుపట్టలేదు. ఉంగరం కోసం ఇద్దరూ కలిసే వెతికారు. పొట్టంతా జల్లెడ పట్టారు, రంపపు పొడిలో ఆవగింజనైనా వదలకుండా చూశారు, దూలాల సందుల్లోని చీమల్ని కూడా లేపి అడిగినంత పని చేశారు. దొరకలేదు.

భద్రం లోవరాజుని ఒక్క మాట అనలేదు. ఏ గుడిలోనైనా ప్రమాణం చేసి చెప్పగలడు. "నువ్వుగాని చూశావేంట్రా?" అని అడిగాడు. కాసేపాగి మళ్లీ అదే అడిగాడు. మర్నాడు తన క్యారియర్ని వాకిలి దగ్గరున్న వేరే మేకుకి తగిలించాడు. అంతే.

లోవరాజు ఆ మేకు వైపు కాసేపు చూశాడు. ఆ మధ్యాహ్నం ఒక్కడూ కూర్చుని తిన్నాడు. కొన్నాళ్లకి పనిలోకి రావడం మానేశాడు. తునిలో బావమరిది దగ్గర చేరాడని ఎవరో చెప్పారు. దొంగ కాబట్టే వెళ్లిపోయాడని భద్రానికి ఒక మనసు చెప్పేది. దొంగే అయితే వెళ్లేముందు నా ఉలికి అద్దంలా పదును పెట్టి ఎందుకు వెళతాడని ఇంకో మనసు అడిగేది. ఆ రెండిటి మధ్యా నలిగి నలిగే వాడా ప్రశ్న అడిగింది. దానికి గురువుగారు చక్రాలంటున్నారు.

"దానికి చక్రాలెందుకండీ? ఏమన్నా తీర్థానికి తీసుకెళతామేంటి?"

"పొడుగు దూలాలొచ్చాయి, గోడ అడ్డం. నువ్వూ వెళ్లొద్దువుగాని దాంతోపాటు, ముందు కొలతలు తియ్యి," అన్నారు పోతులూరయ్యగారు.

భద్రం కొలతలు తీశాడు. ఇనుప యాంగిళ్లు కోయించి, మిషను కాళ్లు ఇమిడేలా చట్రం అతికించాడు. నాలుగు మూలలా నాలుగు చక్రాలు బిగించాడు. వెనక రెండూ తిన్నగా పోయేవి, ముందు రెండూ ఎటు తిప్పితే అటు తిరిగేవి, వాటికి కాలితో తొక్కే బ్రేకులు. ఇక పునాది బోల్టుల తుప్పు వదిలించడానికి పోసిన కిరసనాయిలుతో మండలమంతా దీపావళి చేసుకోవచ్చు. అవి ఊడొచ్చాక లారీ జాకీ పెట్టి ఒక్కో మూలా వేలెడు లేపడం, కింద టేకు దిమ్మ తొయ్యడం, మళ్లీ లేపడం. సాయానికొచ్చిన హమాలీలు పాటలన్నీ అయిపోయి జోలపాటలు కూడా పాడేశారు. చివరికి చట్రాన్ని కిందికి దూర్చి, దిమ్మలు తప్పించి, మిషనుని దాని మీదికి దింపారు. చక్రాలు కిర్రుమన్నాయి, నిలబడ్డాయి.

భద్రం రెండు అరచేతులూ ఆనించి, పళ్లు బిగించి, దేవతలందరినీ పేరుపేరునా పిలిచి తోశాడు. అంత బలం అక్కర్లేకపోయింది. అన్నేళ్లు కొండలా కూర్చున్నది పీటల మీదికొచ్చే పెళ్లికూతురిలా మెల్లగా గోడ వదిలి వచ్చేసింది. వాడే ముందుకు తూలి పడబోయాడు. హమాలీలు ఘొల్లున నవ్వారు.

మిషను తప్పుకున్నచోట మూరెడు మందాన పాత పొట్టు, పెన్సిలు ముక్కలు, పళ్లూడిన దువ్వెన, ఒక కొలత టేపు. వాటి మధ్య పచ్చగా ఉంగరం. బల్ల అదిరినప్పుడల్లా ఇంత చొప్పున నడుచుకుంటూ వెళ్లి, వెనక సందులోంచి కిందికి జారింది.

"మామగారి పరువు దక్కిందిరా భద్రం, ఇక మాకందరికీ పకోడీలు!" అని అరిచాడొక హమాలీ.

భద్రం ఉంగరం తియ్యడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. దాని పక్కనే నల్లబారిన వెండి కడియం ఒకటుంది. అది లోవరాజుది. వాళ్లమ్మ పోయాక ఆమె కాళ్ల పట్టీలు కరిగించి చేయించుకున్నది. భద్రం ఉంగరం పోవడానికి చాలా ఏళ్లముందే, అదీ ఇలాగే, బల్ల మీద పెట్టి భద్రానికి చెక్కలు అందిస్తుండగా పోయింది. ఆ పూట కూడా షెడ్డులో ఉన్నది వాళ్లిద్దరే. లోవరాజు కాసేపు వెతికి, లేచి చేతులు కడుక్కున్నాడు. "షెడ్డులో పడ్డది షెడ్డు దాటి ఎక్కడికి పోద్దిరా? ఉంటదిలే. ఆకలేస్తంది, రా," అంటూ క్యారియర్ విప్పాడు. నువ్వు చూశావా అని భద్రాన్ని ఒక్కసారి కూడా అడగలేదు.

మర్నాడు భద్రం కడియాన్ని జేబులో వేసుకుని తుని బస్సెక్కాడు.

లోవరాజు ఒక తలుపుకి పాలిష్ పడుతున్నాడు. వీణ్ణి చూడగానే లేచాడు. "ఉంగరం దొరికిందేంట్రా?" అన్నాడు ముందు. దొరికిందంటే, "హమ్మయ్య!" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కడియం చేతిలో పెడితే చొక్కా అంచుతో చాలాసేపు రుద్దాడు, మెరుపు వచ్చినా రుద్దుతూనే ఉన్నాడు. టీలు తెప్పించాడు. పిల్లల గురించి అడిగాడు. గురువుగారి మోకాళ్ల నొప్పుల గురించి అడిగాడు.

"తప్పైపోయిందిరా. రా, పోదాం," అన్నాడు భద్రం.

"నువ్వేమన్నావురా నన్ను? ఏమన్లేదు కదా." లోవరాజు టీ గ్లాసు లోపలికి చూస్తూ అన్నాడు. "ఆ రోజు ఇంటికెళ్లి నా జేబులు నేనే వెతుక్కున్నాన్రా. రోజూ వెతుక్కున్నాను. క్యారియర్ గిన్నెలు కూడా తీసి చూసుకున్నాను. నా మీద నాకే అనుమానం వచ్చిన చోటు అది. అక్కడికి ఇంక నా కాళ్లు రావు. కోపం లేదు, ఒట్టు. కాళ్లు రావంతే."

బస్సు దాకా వచ్చి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి మరీ వెళ్లాడు.

భద్రం తిరిగొచ్చి, తన క్యారియర్ తీసి పాత మేకుకి తగిలించాడు. పక్క మేకు ఖాళీగా ఉంది. గురువుగారు దూలం మీద గీత గీస్తున్నారు.

"నమ్మొచ్చో లేదో తెలిసిందండీ. తెలిసి లాభం లేకపోయింది." మిషను వైపు తిరిగాడు. "ఉంగరం దాని కింద ఉందని మీకు ముందే తెలుసాండీ?"

"తెలిస్తే వాణ్ణి పోనిస్తానా?"

ఆయన లేచి వచ్చి మిషను మీద ఒక చెయ్యి వేశారు. ఆ ముసలి చేతికే అది చప్పుడు లేకుండా కదిలి, గోడ దాకా వెళ్లింది. కాలితో బ్రేకు తొక్కి, చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డారు.

"బరువైనదాన్ని కదపడం చేతగాక, తేలిగ్గా కదిలేవాణ్ణి కదిపాంరా," అన్నారు.