అడుగుపాలెం రాయి

సర్వప్ప మహారాజుకు కొత్త కొలువుకూటం మీద మనసు పడింది. రాజుగారి మనసు పడ్డాక ఇంకేముంది, మర్నాటికే కోటలో పునాది గొయ్యి పడింది.

గోతిలో మట్టి కంటే రాయే ఎక్కువ వచ్చింది, నల్లగా నిగనిగలాడుతూ. కూటం దీంతోనే కట్టేయొచ్చని అందరూ సంబరపడ్డారు. ఆస్థాన శిల్పి నాగలింగాచారి మాత్రం మూతి విరిచాడు. ఆయనగారికో గొప్ప ఉంది లెండి: రాయికి చెవి ఆనించి వేలితో తడితే, అది పుట్టిన చోటు చెప్పేస్తాడట!

పెరటి చెట్టు మందుకు రాదనీ, దూరదేశపు రాయే తెప్పించాలనీ రాజుగారికి నూరిపోశాడు. రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే చిట్టెప్ప దగ్గరే సున్నం అడిగి పుచ్చుకుని, పనికిరావంటూ రాళ్లన్నిటి మీదా కత్తెర గుర్తు పెట్టాడు. వీటిని కోట వెనకాల తమలపాకు తోటలో పోయించమన్నాడు.

ఆ తోట చిట్టెప్ప అత్తగారిది. ముసలమ్మ పొట్ట గడిచేది ఆ తీగల మీదే. తోటలో రాయి పడకముందే చిట్టెప్ప గుండెల్లో రాయి పడింది. తోట పోతే ఇంట్లో పెళ్లాం బతకనిస్తుందా?

అడుగుపాలెంలో మేలురకం రాయి ఉందనీ, ఒకటి తెప్పించేదాకా తోటకు వెళ్లే రాళ్లబండ్లు ఆపించమనీ రాజుగారిని వేడుకున్నాడు. ఆయన సరేనన్నాడు.

మర్నాడు మేళతాళాలతో ఎడ్లబండి కోటలోకి వచ్చింది. పట్టుగుడ్డ చుట్టి, పూలదండ వేసిన రాయిని గోతి పక్కనే దించారు. ఆచారి గుడ్డ తొలగించి, చెవి ఆనించి, తట్టి, కళ్లు మూసుకుని తల ఊపాడు.

“కంచులా మోగుతోంది ప్రభూ. ఏడు నదుల అవతల పుట్టిన రాయి. మన నేలలో ఇలాంటిది కలలో కూడా దొరకదు.”

రాజుగారు మురిసిపోయి, ఆ అడుగుపాలెం ఎంత దూరమని అడిగాడు.

“ఎంతో లేదు ప్రభూ. తమరి అడుగు కిందే,” అన్నాడు చిట్టెప్ప.

రాజుగారు కిందికి చూస్తే గొయ్యి. ఈలోగా చిట్టెప్ప సైగ చేస్తే కూలీలు రాయిని బోర్లించారు. అడుగున తెల్లగా కత్తెర గుర్తు.

“సున్నం నాదే ప్రభూ. గుర్తు మాత్రం ఆచారిగారిది.”

ఆచారి చెవి ఎర్రబడింది. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వుతూ, కూటం ఈ రాయితోనే లేవాలనీ, తోటలో గులకరాయి కూడా పడకూడదనీ ఆజ్ఞ వేశాడు. చేతి కడియం తీసి చిట్టెప్పకు తొడిగి, ఆచారి వైపు తిరిగాడు.

“సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుందని తెలుసు గానీ ఆచారీ, చెవి కూడా పొక్కుతుందని ఇవాళే చూశాను!”