తిప్పక్క ఆపిన పొయ్యి

అనగా అనగా, కరెంటు తీగ మీద వాలాలా వద్దా అని పిట్టలు కూడా ఆలోచించే కాలం. చెప్పిన మాట చెప్పినట్టు వినేవాళ్లు ఇంకా మిగిలున్న కాలం. అప్పుడు కొండ వార మూడు పట్టుపురుగుల షెడ్లు ఉండేవి. మొదటిది తిప్పక్కది. నడిమిది కోనమ్మది. చివరిది ఓబులప్పది.

తిప్పక్కకు మొగుడు లేడు, బిడ్డల్లేరు. ఉన్నది ఒక మల్బరీ మడి, ఒక షెడ్డు, తట్టల్లో పురుగులు. ఆ పంట పోతే ఏడాది పోయినట్టే. పట్టుపురుగు పసిబిడ్డ లాంటిది. తడి ఆకు పడదు. పొగ పడదు. చలి అసలే పడదు. అందుకని చలికాలంలో మూడు షెడ్లలో మూడు కరెంటు పొయ్యిలు వెలిగేవి. మట్టి బిళ్ల, దాని గాడిలో చుట్టలు చుట్టిన స్ప్రింగు. స్ప్రింగు ఎర్రబడితే షెడ్డు వెచ్చబడేది.

లైను ముందు తిప్పక్క షెడ్డు గోడకే వచ్చింది, అక్కడినుంచి మిగతా రెండు షెడ్లకు పోయింది. కరెంటు మనిషి అక్కడే బోర్డు బిగించి, ముల్లు తిరిగే మీటర్లు రెండు పెట్టాడు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి మూడు మాటలు చెప్పాడు. ఒక ముల్లు వోల్టులు చూపుతుంది, అది తోపు. ఇంకో ముల్లు ఆంపియర్లు చూపుతుంది, అది పరుగు. తోపును పరుగుతో భాగిస్తే స్ప్రింగు ఎంత అడ్డు పడుతోందో తెలుస్తుంది, వాటిని ఓములంటారు. తోపును పరుగుతో గుణిస్తే పొయ్యి సత్తువ తెలుస్తుంది, వాటిని వాట్లంటారు. ఇక మూడో మాట, ఈ తీగ పన్నెండు ఆంపియర్లు మోస్తుంది, ఆపైన మోయదు. పొయ్యికి నాలుగు చొప్పున మూడు పొయ్యిలకు సరికి సరి.

తిప్పక్క ఆ మాటలు మరవలేదు. మరిచేవాళ్లు వేరే ఉన్నారు.

ఒక చలికాలం పురుగులు నాలుగోసారి పొర విడిచి, గూడు కట్టే ముందర ఆకు మీద పడి తింటున్నాయి. ఓబులప్ప పొయ్యిలో స్ప్రింగు తెగింది. అతను తెగిన ముక్క పారేసి, మిగిలింది సాగదీసి ముడేశాడు. పొయ్యి మునుపటికన్నా ఎర్రగా కాలింది. మళ్లీ తెగింది. మళ్లీ ముడేశాడు. ఇంకా ఎర్రగా కాలింది. నా చేతిలో ఏదో ఉందని ఊరంతా చెప్పుకున్నాడు. అప్పుడు తిప్పక్క గోడ మీది బోర్డులో ఫీజు పోయింది. అతను ఎవరినీ అడగకుండా వచ్చి, ఫీజు మళ్లీ పోకుండా అందులో లావుపాటి రాగి తీగ పెట్టి పోయాడు.

తిప్పక్క గోడ దగ్గర తీగ వాసన వేసింది. చూస్తే పరుగు పదహారు.

ఆమె తన పొయ్యి ఆపింది. ముల్లు పన్నెండుకు దిగింది. కోనమ్మను కాసేపు ఆపమంది. ఎనిమిదికి దిగింది. ఆ ఎనిమిదీ ఓబులప్పవి. తోపు రెండు వందల నలభై. ఎనిమిదితో భాగిస్తే అడ్డు ముప్పై. కొత్త స్ప్రింగుకు అరవై ఉండేది. అంటే గాడిలో ఉన్నది సగం స్ప్రింగే. గుణిస్తే వెయ్యిన్ని తొమ్మిది వందల ఇరవై వాట్లు, రెండు పొయ్యిల సత్తువ ఒక్క పొయ్యిలో. తీగ కాలిపోతే మూడు షెడ్లూ చల్లబడతాయి. కరెంటు మనిషి రావాలంటే మూడు వాగులు దాటి రావాలి. అంతదాకా పురుగు ఆగదు.

పొయ్యిలు మళ్లీ వెలిగించి, ఆమె పోయి ఓబులప్పకు చెప్పింది. అతను నవ్వాడు.

"పొట్టిదైతే తక్కువ తింటుంది మే. పొట్టోడికి ఎంత సంగటి కావాల?"

"స్ప్రింగు తినేది కాదు ఓబులన్నా, అడ్డం నిలబడేది. చేనికి కాపలా సగం తీసేస్తే గొడ్లు తక్కువొస్తాయా, ఎక్కువొస్తాయా?"

"నీ లెక్కలు పురుగులకు చెప్పుకో పో, గూడు కడతాయి."

కొత్త స్ప్రింగు కావాలంటే సంత దాకా ఆగాల్సిందే. వెనక్కి వచ్చేసరికి తీగ మీది తొడుగు మెత్తబడి ఉంది. కోనమ్మ బోర్డు ముందర నిలబడి ఉంది. ఓబులప్ప షెడ్డుకు పోయే స్విచ్చి కూడా ఆ బోర్డులోనే ఉంది.

"వాడిది ఆపెయ్యక్కా. నీ చేతిలోనే ఉంది కదా."

తిప్పక్క స్విచ్చి మీద చెయ్యి పెట్టింది. మళ్లీ చెయ్యి తీసేసింది.

"చలికి చచ్చేది వాడు కాదు గదే, పురుగులు. అవి నన్నేమన్నాయి?"

అని తన పొయ్యే ఆపింది. ముల్లు పన్నెండు మీద నిలబడింది.

తట్టలు కోనమ్మ షెడ్డుకు మోసింది. పట్టినన్ని పెట్టింది. పట్టనివి తన షెడ్డులోనే ఉంచి, ఇంట్లో ఉన్న దుప్పట్లు, గోనెపట్టాలు, తన పాత చీరలు కప్పింది. కోనమ్మ షెడ్డులోవి గూళ్లు కట్టాయి. దుప్పట్ల కిందివి కట్టలేదు. వాటిని ఆమె మల్బరీ మొదళ్లలో పూడ్చింది. ఆ ఏడు సగం పంటతో సగం కడుపుకు తిని గడిపింది. ఓబులప్ప గూళ్లు తెల్లగా, గట్టిగా వచ్చాయి. బండికెత్తుకుని ఆమె వాకిలి ముందు నుంచే పోయాడు. బండి ఆపలేదు.

ఆ చలికే తిప్పక్క పోయిందని కొందరు చెబుతారు. అబద్ధం. తర్వాత ఎన్నో పంటలు తీసి, ముసలిదై, తన మంచం మీదే పోయింది. కథ చెప్పేటప్పుడు లేనిది చేర్చకూడదు.

ఆమె పోయాక బోర్డు దగ్గర నిలబడి ముల్లు చూసేవాళ్లు లేకపోయారు. అప్పటినుంచి ఆ కొండ వార ఒక పద్ధతి పడింది. చలికాలం పొయ్యిలు అందరూ ఒక్కసారి వెలిగించరు. చివరి షెడ్డుది ముందు, బోర్డు ఉన్న షెడ్డుది అన్నిటికన్నా చివర. ఒక్కొక్కటి వెలిగాక ముల్లు చూస్తారు. ఎక్కువ తిరిగితే, ఎవరిది ఎంత లాగుతోందని గొంతెత్తి అడుగుతారు. అడిగితే కోపం తెచ్చుకోకూడదు. స్ప్రింగు తెగితే ముడేయరు. తెగిన ముక్కను గోడకు మేకు కొట్టి తగిలించి, "ఇది తిప్పక్కది" అంటారు.

ఓబులప్ప వంశంవాళ్లు ఆనాటి మాట ఇప్పటికీ ఒప్పుకోరు. తిప్పక్క పొయ్యి దానంతట అదే చెడిపోయిందంటారు. అననీ. వాళ్ల షెడ్డు గోడకూ తెగిన స్ప్రింగులు వేలాడుతున్నాయి. ఎందుకని అడిగితే, ఊరికే తగిలించామంటారు.